పిల్లవాడు ఎక్కడ ఆగినాడు?
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున ప్రధానోపాధ్యాయులు తలిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



పరీక్షాఫలితములు వెలువడిననాడు మీరు మమ్ము నడుగు మొదటి ప్రశ్న, "మా బిడ్డకు ఎన్ని మార్కులు వచ్చినవి?" అనునది. అది న్యాయమైన ప్రశ్నయే. దానితోపాటు, "మా బిడ్డ ఎక్కడ ఆగినాడు?" అని కూడ మీరు అడుగవలెనని కోరుటకే నేడు మీ ముందు నిలిచితిని.

ఉక్తలేఖనమున పది మాటలు చెప్పి వ్రాయించితిమనుకొనుడు. ఇద్దరు పిల్లలకు ఆరేసి మార్కులు వచ్చినవి. పలకలు చూడగా, ఒకడు వత్తులు విడిచి 'అక్క'ను 'అక' అని వ్రాసినాడు. రెండవవాడు 'గంట'ను 'కంట' అనియు, 'దారము'ను 'తారము' అనియు వ్రాసినాడు. తమిళలిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరము. త, థ, ద, ధలకును ఒకే అక్షరము. తమిళనాట పెరుగుచు రెండు లిపులను ఒక్కమారే నేర్చుకొను మన పిల్లలకు ఈ తడబాటు సహజము. మొదటివానికి వత్తులు నేర్పవలెను. రెండవవానిచే ఆ అక్షరముల జంటలను పలికించి, వినిపించి, వ్రాయించవలెను. ఇద్దరి మార్కు నొకటిగా చూచి ఇద్దరికి ఒకే పాఠము మరల చెప్పినచో ఇద్దరికిని మేలు జరుగదు.

లెక్కలలోను ఇంతే. 52 నుండి 27 తీసివేయుమనగా ఒక బాలిక 35 అని వ్రాయును. ఆమె 7 నుండి 2ను, 5 నుండి 2ను తీసివేసినది. ఆమెకు తీసివేత వచ్చును. పదుల స్థానమునుండి అప్పు తెచ్చుట యొక్కటే రాదు. దానిని పుల్లల కట్టలతో కొన్ని దినములు చేయించిన సరిపోవును.

అందుచే మేము ప్రతి తరగతి చదువును చిన్న చిన్న మెట్లుగా విభజించి, ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క పుట కేటాయించి, మెట్టు దాటిన తేదిని అందు వ్రాయుచున్నాము. ఆగినవారిని విడిగా కూర్చుండబెట్టి నేర్పి, మరల పరీక్షింతుము. ఆ పుటలో బిడ్డను పొరుగుబిడ్డతో పోల్చము. పోయిన నెలలో తానున్న స్థితితోనే పోల్చుదుము. 2022లో తమిళనాడు ప్రభుత్వము ప్రారంభించిన 'ఎణ్ణుం ఎళుత్తుం' పథకమునందును చిన్న తరగతుల పిల్లలను వారికి వచ్చిన చదువునుబట్టి అరుంబు, మొట్టు, మలర్ అను మూడు అంతస్తులుగా గుర్తించి బోధించు పద్ధతి కలదు. మొగ్గ పువ్వగుటకు కాలము పట్టును. ఏ మొగ్గ యెంత విచ్చినదో తోటమాలి యెరిగియుండవలెను గదా!

మీలో పలువురు ఇంట తెలుగు మాటలాడుదురు గాని తెలుగు లిపి చదువలేరు. అందుకు సంకోచింపవలదు. రాత్రి భోజనమునకు ముందు బిడ్డచే ఒక పుట బిగ్గరగా చదివించి, "ఇందులో ఏమున్నది?" అని అడుగుడు. తన మాటలలో చెప్పగలిగిన, అర్థమైనదన్నమాట. తడుముకొనినచో మాకు కబురు పంపుడు. ఇందుకు మీకు చెవులు చాలును.

ఏడాది చివర మార్కులు తగ్గినవని చూచి, తెలుగే కారణమని తలచి, బిడ్డను తెలుగు తరగతి మాన్పించు తలిదండ్రులున్నారు. వత్తులు రాని సంగతి జూలైలోనే తెలిసియున్నచో ఏప్రిల్‌లో ఆ నిర్ణయము అవసరము కాకపోవును. 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాక వర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప ప్రయత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించినది. అయినను, మన బిడ్డ తెలుగు పుట తెరచి ధారాళముగ చదివిననాడే ఆ రక్షణ మన యింటికి చేరినట్లు.

రానున్న సంవత్సరమున ప్రతి రెండు నెలలకు ఒక శనివారము ఈ పుటలను మీ ముందుంచెదము. తల్లియో తండ్రియో తప్పక వచ్చి, మార్కుతోపాటు బిడ్డ ఆగిన మెట్టును కూడ చూచి పోవలెనని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.