దున్నువానికి దక్కని ద్రవ్యము



ప్రభుత్వము రైతునకు ధనసహాయము చేయవలెనా, వలదా యనునది నేటి చర్చ కాదు. చేసిన సహాయము ఎవరి చేతికి చేరుచున్నదనునదే నా ప్రశ్న. దీనికి సమాధానము వెదకుటకై మిమ్ము అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రమునకు, పాయిన్సెట్ కౌంటీకి కొనిపోయెదను. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. ఆ కాలమున ప్రత్తియే అచ్చటి జీవనాధారము.

1929లో పౌను ప్రత్తికి 16 సెంట్లు దాటిన ధర 1932 నాటికి 6, 7 సెంట్ల నడుమకు దిగజారెను. సాగు తగ్గినచో ధర పెరుగునను తలంపుతో 1933 మే నెలలో రూజ్వెల్టు ప్రభుత్వము వ్యవసాయ సర్దుబాటు చట్టమును తెచ్చెను. ఆ యేడు దేశమున కోటి యెకరములకు పైగా ఎదిగిన ప్రత్తిని మరల దున్నివేసిరి. అందులకు ప్రభుత్వము సొమ్ము చెల్లించెను.

1934 నాటి ఒడంబడికను చూడుడు. బీడుపెట్టిన నేలలో పండదగిన ప్రత్తిని లెక్కగట్టి పౌనుకు నాలుగున్నర సెంట్లు. అందు భూస్వామికి నాలుగు, పాలికాపునకు అర! పాలికాపులను సాధ్యమైనంతవరకు నిలుపుకొనవలెనను నియమము లేకపోలేదు. కాని భూస్వామికి అది సాధ్యము కాలేదు! నేల తగ్గెను గనుక కాపుతో పనిలేదనెను. మొరలు వినవలసిన స్థానిక సంఘములలో తరచుగ కూర్చున్నవారు ఆ భూస్వాములే. కంచెయే చేను మేసిన కాచువారెవరు?

1934 జూలైలో ఆ కౌంటీయందలి టైరాంజా చెంత 11 మంది తెల్లవారు, ఏడుగురు నల్లవారు కూడి దక్షిణ కౌలురైతుల సంఘమును స్థాపించిరి. జాతిభేదమే శాసనమైన ఆ సీమలో ఆకలి వారిని ఒక్కచాపపై కూర్చుండబెట్టెను. వారిపై దాడులు జరిగెను. పాలికాపుల పక్షమున ఒడంబడికకు అర్థము చెప్పిన జెరోము ఫ్రాంకు మున్నగు న్యాయాధికారులు 1935 ఫిబ్రవరిలో వాషింగ్టనున పదవులు కోల్పోయిరి.

పిదప పాలికాపు వాటాను పెంచిరి. అప్పుడు భూస్వాములు పాలికాపులను దినకూలీలుగ మార్చి ఆ వాటాను సయితము తామే పొందజొచ్చిరి. 1939 జనవరిలో పొరుగునున్న మిస్సోరి రాష్ట్రమున నిలువ నీడలేని వెయ్యిమందికి పైగా జనులు చలిలో రహదారుల ప్రక్కన మకాము వేసి తమ దుర్దశను దేశమునకు చూపిరి. కావున వాటా యొక్కటియే చాలదు. దున్నువాడు సాగుదారుడని వ్రాతమూలముగ నిలువవలెను.

మన సంగతి యేమి? తెలంగాణమున 2018లో ఆరంభమైన రైతుబంధు పంటకు ఎకరమునకు 4,000 రూపాయలను పట్టాదారునకే యిచ్చెను; కౌలుదారునకు అందు పాలు లేదు. ఆంధ్రప్రదేశమున 2019 నాటి చట్టము కౌలుదారునకు 11 నెలల సాగుపత్రము నొసగెను గాని, దానికి భూయజమాని సంతకము కావలెననెను. కౌలుదారుని హక్కు యజమాని కలముకొనపై వ్రేలాడెను!

ఏ చేను ఎవరు దున్నుచున్నారో ఊరందరెరుగుదురు. దానిని గ్రామసభలో చదివి వ్రాసికొనుటకు యజమాని అనుమతి యేల?

ఈ మాట దొరతనమునకు మాత్రమే కాదు. పట్టణములలో నివసించు మనలో ఎందరకో ఊర పొలములు గలవు. దున్నువాడొకడు, పట్టా మనది, ఖాతా మనది. శాసనము మారువరకు ఆగనేల? సాగుపత్రముపై మొదటి సంతకము మనదే కావలెను.