గజము - గొట్టము
(సంఘ సమావేశమున చేసిన ఉపన్యాసపు పాఠము)

హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియములో ఆయుధ విభాగమును దర్శించువారు కత్తిపిడుల పనితనమునకు ఆశ్చర్యపడుదురు. పాత తుపాకుల యెదుట కొంతసేపు నిలుతురు. కాని గొట్టము క్రింద, కొయ్యగాడిలో దూర్చియుండు సన్నని కడ్డీపై దృష్టి నిలుపువారు అరుదు. హిందూస్థానీలో దానిని గజ్ అందురు, తెలుగున గజము. మూతినుండి మందు దట్టించు తుపాకికి ఆ గజము లేనిచో అది వట్టి ఇనుపగొట్టమే. మందుపై గుండును దింపి కూర్చునది అదియే, కాల్చిన పిదప గొట్టమును తుడుచునదియు అదియే. ఈ రెండు పనులలో రెండవది చూచుటకు చిన్నది. చరిత్రలో మాత్రము అది చిన్నది కాలేదు.

తుపాకి మందులో నూరు పాళ్లకు 75 పాళ్లు పెట్లుప్పు, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకము. ఈ పెట్లుప్పు కొరకే ఈస్టిండియా కంపెనీవారు బీహారు నేలను అంతగా ఆశ్రయించిరి. మందు మండినపుడు అంతయు వాయువై పోవునని సామాన్యుల తలంపు. అట్లు కాదు. బరువులో సగమునకు మించిన భాగము ఘనపదార్థముగనే మిగులును. అందు కొంత పొగయై వెలువడును. తక్కినది గొట్టము లోపలి గోడలకు మసిమడ్డియై అంటుకొనును. పొటాసియం కార్బనేటు, సల్ఫేటు, సల్ఫైడు అందలి ముఖ్య లవణములు. అవి గాలిలోని తేమను పీల్చును. తేమ తగిలిన ఇనుము సంగతి సముద్రతీరమున పుట్టి పెరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

నున్నని గొట్టముగల మస్కెట్టులో ఈ మడ్డి కొంత పేరుకొన్నను గుండు దిగును. ఏలయన గుండు గొట్టముకంటె చిన్నది. రైఫిలు సంగతి వేరు. గొట్టములోని మెలిగాడులను గుండు పట్టుకొనిననే అది గిరగిర తిరుగుచు సూటిగ పోవును. కావున గుండు బిగువుగ నుండవలెను. బిగువుగ నున్నచో మడ్డిపట్టిన గొట్టమున దిగదు. ఆంగ్ల సేనలో 1800 ప్రాంతమున వచ్చిన బేకరు రైఫిలుతో, గుండును దింపుటకై తొలుత చిన్న కొయ్యసుత్తులను గూడ ఇచ్చిరి. 1849లో మినియే అను ఫ్రెంచి అధికారి ఈ చిక్కు విడదీసెను. అతని గుండు గొట్టముకంటె సన్నము, అడుగున బోలు. మందు పేలినపుడు ఆ బోలు విచ్చుకొని గాడులను పట్టుకొనును. 1853 నాటి ఎన్‌ఫీల్డు రైఫిలు ఈ మార్గముననే నడచినది. దాని గొట్టము పొడవు 39 అంగుళములు, లోవ్యాసము 0.577 అంగుళము, గాడులు మూడు.

అయినను మడ్డి మడ్డియే. అది గట్టిపడక మెత్తగ నుండుటకును, గుండు జారుటకును కాగితపు తూటా కొనకు కొవ్వు పూయవలసివచ్చెను. ఆ కొవ్వు ఏ జంతువుదను ప్రశ్న 1857 జనవరిలో డండం శిక్షణశాలనుండి బయలుదేరెను. తూటా కొనను పండ్లతో కొరికి చింపుట నాటి కవాతు పద్ధతి. ఆవుకొవ్వని హిందువులు, పందికొవ్వని ముస్లిములు శంకించిరి. తైలమును మైనమును సిపాయిలే కలిపి పూసికొనవచ్చుననియు, కొన చేతితో చింపవచ్చుననియు అధికారులు పిదప ఒప్పుకొనిరి. అప్పటికే నమ్మకము చెడెను. మే 10న మీరటు లేచెను. ఆ తిరుగుబాటునకు కారణములు అనేకములు. తూటా ఒక్కటే కాదు. కాని గొట్టమునకు కావలసినది జిడ్డేగాని జంతుమాంసపు కొవ్వు కాదు. మైనము, నూనె ఆ పనికి చాలునని అధికారులే ఒప్పుకొనిరి. నోటితో కొరుకవలసినవానిని ముందుగ ఒక్కమాట అడిగినవారు లేరైరి.

ఇక గజము నెన్నుకొనుట. పూర్వము సేనలలో కొయ్యగజములే వాడుక. యుద్ధపు తొందరలో అవి విరుగుచుండెను. ప్రష్యా సేన 18వ శతాబ్ది తొలి పాదముననే ఇనుప గజమును చేపట్టెను. 1741లో మోల్‌విట్జు యుద్ధమున వారి కాల్బలము కాల్చిన వేగమునకు అదియు నొక కారణమని చరిత్రకారులందురు. కొయ్యగజము అంతటితో పోలేదు. అమెరికాలో వేటరులు హికరీ కొయ్యను మెచ్చిరి. అది వంగునుగాని తేలికగ విరుగదు. అయితే కొయ్యపేరు విని కొనరాదు, పోగు చూడవలెను. పోగు ఒక కొననుండి రెండవ కొనదాక తిన్నగ సాగవలెను. నడుమ ప్రక్కకు జారిన పోగుగల కడ్డీ ఏటవాలుగ విరిగి బల్లెపు మొనయగును. అదిమెడువాని అరచేత దిగును. ఇట్టి గాయములు కట్టుకథలు కావు. అందుచేతనే గజమును ఎప్పుడును మూతికి ఎనిమిది, పది అంగుళముల పైన మాత్రమే పట్టి, కొంచెము కొంచెముగ దింపవలెను. పై కొనను పట్టి బలముకొలది నెట్టుట మూర్ఖత.

ఉక్కుగజము విరుగదు, కాని తిన్నగ పోనిచో మూతియొద్ద గాడులను ఒరసి అరుగదీయును. రైఫిలు గురి మూతియొద్దనే చెడును. ఇత్తడి మెత్తనిది, గొట్టమును బాధింపదు. బరువెక్కువ, వంగిన వంగినట్లేయుండును. అల్యూమినియమునకు ఇసుకరేణువులు అంటుకొని ఆకురాయివలె పనిచేయును. దానిని ఎన్నుకొనకుండుటే మేలు. ఇంటియొద్ద తుడుచుటకు ఇత్తడిదో ఉక్కుదో ప్రత్యేకముగ నుంచుకొని, మూతికి ఇత్తడి కుప్పె తొడిగి దానిగుండ నడిపించుట అన్నిటికంటె యుక్తము. అర అంగుళపు గొట్టమునకు అంగుళములో మూడెనిమిదవ వంతు మందముగల కడ్డీ సరిపోవును. కొన బిళ్ల కేవలము జిగురుతో నిలిచినదైనచో లోపలనే ఊడి చిక్కుకొనును. అడ్డుమేకు వేసినదై యుండవలెను.

గజముపై రెండు గీతలు గీయుట మరచిపోరాదు. ఖాళీ గొట్టమున అడుగంటినపుడు మూతియొద్ద ఒకటి. మందు, గుండు సరిగ కూర్చున్నపుడు ఇంకొకటి. మందునకును గుండునకును నడుమ ఎడమున్నచో గొట్టము ఉబ్బవచ్చును, పగులవచ్చును. తాతలనాటి తుపాకి దూలముపై దొరకినపుడు అది ఖాళీయని నమ్మువారు పెక్కురు. మూతినుండి దట్టించు తుపాకిని చూచినంతమాత్రమున లోన మందున్నదో లేదో తెలియదు. గజమును మెల్లగ జార్చి, అది దిగిన పొడవును బయట గొట్టముపై ఆనించి చూడవలెను. మొదటి భాగపు కొసదాక రానిచో లోన ఏదియో యున్నదని తెలిసి, తెలిసినవానికి అప్పగింపవలెను. శుభ్రపరచుటకు మునుపు ఈ పరీక్ష తప్పనిది.

శుభ్రపరచుట ఆ పూటయే జరుగవలెను. తుపాకి కాల్చి అలసివచ్చినవాడు ఆదివారమునకు వాయిదావేయును; కచేరీ దస్త్రమువలె అది వేచియుండదు. మడ్డిలోని లవణములు నీట కరగును, నూనెలో కరగవు. కావున మొదట నీరే మందు. గొట్టము సులువుగ కొయ్యనుండి ఊడివచ్చు తుపాకులలో దాని అడుగుకొనను నీటి బకెట్టులో నుంచి, గజముకొనకు తడిపేలిక చుట్టి పైకి క్రిందికి ఆడించిన, పిచికారీవలె నీరు లోనికెక్కి మసిని దించును. ఎన్‌ఫీల్డు వంటివానిలో మాటిమాటికి గొట్టమూడదీసిన కొయ్య వదులగును. టోపీ తొడుగు రంధ్రమును మూసి, మూతినుండి నీరుపోసి, ఆడించి పారబోయుట మంచిది. మరుగునీరే కావలెనని పట్టుపట్టువారున్నారు. వేడెక్కిన ఇనుము త్వరగ ఆరుననుట నిజమే. ఆరులోపల సన్నని తుప్పుపొర కట్టుటయు నిజమే. గోరువెచ్చని నీరు, చిటికెడు సబ్బు చాలును.

పిదప పొడిపేలికలు. తెల్లగ వచ్చువరకు ఒకటి వెంట ఒకటి. టోపీ రంధ్రమును సూదితో విడదీయవలెను. ఆ తరువాతనే నూనె, అదియు పలుచగ. తుపాకిని మూతి క్రిందికి వంచి నిలిపినచో నూనె అడుగునకు జారి రంధ్రమున చేరదు. మరల కాల్చుటకు మునుపు ఆ నూనెను తుడిచివేయవలెను. యంత్రపు నూనె మందుతో కలిసి తారువలె పట్టుకొనును.

మరునాడు ఉదయము ఇంకొక తెల్లపేలికను లోనికి పంపి చూడవలెను. అది ఎఱ్ఱగ వచ్చినచో పని మొదటినుండి మరల చేయవలసినదే.