వ్యాసం అడుగున ఏ లింకులుండాలి?



పిల్లల హోంవర్కుకైనా, మన సందేహానికైనా ఇప్పుడు ఫోనులో ముందు తెరిచేది వికీపీడియానే గదా. 2003 డిసెంబరు నుంచి అది తెలుగులోనూ ఉంది. చదివేవాళ్లెవరైనా ‘మార్చు’ అన్నచోట నొక్కి అందులో దిద్దవచ్చు. వ్యాసం అడుగున ‘బయటి లింకులు’ అని ఒక భాగం ఉంటుంది చూడండి, ఇవాళ దాని సంగతి చెప్పుకుందాం.

‘మూలాలు’ వేరు. అవి రాసిన మాటకు సాక్ష్యాలు. బయటి లింకులు ఇంకా తెలుసుకోవాలనే వాళ్లకు చూపే దారి. కందుకూరి వీరేశలింగం గారు 1919లో పోయారు. మన దేశంలో రచయిత పోయి 60 ఏళ్లు దాటితే కాపీరైటు ఉండదు. కనుక ఆయన పుస్తకం పూర్తిగా దొరికే చోటికి లింకు ఇస్తే చదువరికి ఎంతో మేలు. నిన్నమొన్నటి నవలను ఎవరో దొంగచాటుగా స్కాను చేసి పెట్టారనుకోండి, దానికి మాత్రం ఇవ్వకూడదు.

ఇక గద్వాల చీర. నూలు చీరకు పట్టు అంచు ఎలా కలిపి నేస్తారో బొమ్మలతో చూపే పేజీ ఉంటే తప్పక పెట్టవచ్చు. ఆషాఢం తగ్గింపు ధరల షాపు మాత్రం వద్దు. వాళ్ల చీరలు మంచివే కావచ్చు, ఆ మాట కాదు. ఒక్క షాపును రానిస్తే పదోదాన్ని ఏమని ఆపుతాం?

అసలు జాగ్రత్త పడవలసింది తిరుమల వంటి వ్యాసాల్లో. దేవస్థానం వారి సొంత వెబ్‌సైటు అక్కడ ఉండవలసిందే. కాని దర్శనం టికెట్ల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు నడుస్తున్నాయని దేవస్థానం వారే పలుమార్లు హెచ్చరించారు. ఎవరైనా దిద్దవచ్చన్నాం గదా, ఒక్క అక్షరం తేడాతో అటువంటి లింకును రాత్రికి రాత్రి ఇరికించవచ్చు. వికీపీడియాలో ఉంది కదా అని పాపం ఏ పెద్దావిడో డబ్బు కట్టేస్తుంది. అందుచేత పైకి కనిపించే పేరు చూసి ఊరుకోకండి. దిద్దే పెట్టె తెరిస్తే వెనకనున్న అసలు చిరునామా కనబడుతుంది, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవండి.

తగని లింకు కనబడితే తీసేయండి, ఎందుకు తీశారో ‘దిద్దుబాటు సారాంశం’లో ఒక్క ముక్క రాయండి. భయమేం లేదు, పాత ప్రతి ‘చరిత్ర’లో భద్రంగానే ఉంటుంది. సందేహమైతే చర్చా పేజీలో అడగండి. అన్నట్టు, మీ చెల్లెలు ఇంట్లో చీరలమ్ముతున్నదా? ఆవిడ పేజీ లింకు మీ చేత్తో మీరు పెట్టకండేం!