కంప్యూటరు కారు పందేలు: అసలు, నకలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి మాట్లాడతానని అనుకున్నవారికి ఈ విషయం వింతగా తోచవచ్చు. కాని మన మనవళ్ళు గంటల తరబడి కూర్చునేది ఈ ఆటల ముందే గనుక వాటి మంచిచెడ్డలు మనకూ తెలియాలి. మా మనవడి పుణ్యమా అని నాకు వాటితో కొంత పరిచయం ఏర్పడింది.

ఈ ఆటలు రెండు రకాలు. మొదటివి కేవలం వినోదానికి. 1986లో జపానుకు చెందిన సెగా సంస్థ తెచ్చిన ‘అవుట్ రన్’ ఇటువంటిది. అందులో కారు పల్టీ కొట్టినా క్షణంలో మళ్ళీ రోడ్డెక్కుతుంది. పోయేది కాస్త సమయమే. పది నిమిషాల్లో ఎవరైనా నేర్చుకోవచ్చు.

రెండవవి నిజానికి నకళ్ళు. 1998లో అమెరికాలోని పపైరస్ సంస్థ ‘గ్రాండ్ ప్రి లెజెండ్స్’ను విడుదల చేసింది. అది 1967 నాటి ఫార్ములా వన్ పందేలకు నకలు. ఆనాటి కార్లకు రోడ్డుకు అదిమిపట్టే రెక్కలు లేవు. యాక్సిలరేటరు కాస్త గట్టిగా తొక్కితే బొంగరంలా తిరిగిపోతాయి. కొత్తవాళ్ళు ఒక్క చుట్టు పూర్తి చేయడమే గగనం.

దీని కిటుకు టైరులో ఉంది. టైరుకు రోడ్డు మీద ఉండే పట్టు మన పెన్షను వంటిది. ఇంతే అని లెక్క. అంతా బ్రేకుకే ఖర్చు పెడితే మలుపు తిరగడానికి మిగలదు. నిజమైన ఆట ఈ లెక్కను నాలుగు చక్రాలకూ విడివిడిగా కడుతుంది.

‘ట్రూ కాపీ’ అని సంతకాలు పెట్టించిన గుమాస్తా బుద్ధి కదా, నకలు అసలుకు ఎంత దగ్గరైతే అంత గొప్ప అని మొదట తోస్తుంది. కాని ఇక్కడ ఒక చిక్కుంది. అసలు డ్రైవరుకు కారు జారబోతున్న సంగతి కూర్చున్న సీటే చెబుతుంది. ఆటగాడికి కళ్ళు, చెవులు, మహా అయితే అదిరే స్టీరింగు మాత్రమే దిక్కు. అందువల్ల నకలు ఒక్కోసారి అసలుకంటే కష్టం.

దీనికి చక్కని ఉపాయం చూపినవారు ఇంగ్లండుకు చెందిన జెఫ్ క్రామండ్. 1990ల మొదట్లో వచ్చిన ఆయన గ్రాండ్ ప్రి ఆటలో ఆరు సహాయాలున్నాయి. బ్రేకు, గేరు తనంతట తనే పడటం, సరైన దారి చూపటం వంటివి. చేతకానివాడు ఆరూ ఉంచుకోవచ్చు. చేవ వచ్చేకొద్దీ ఒక్కొక్కటే తీసేయవచ్చు. 2014లో వచ్చిన ‘అసెట్టో కోర్సా’లో కూడా ఇటువంటి సదుపాయమే ఉంది. మా వాడు అన్నీ తీసేసి ఆడతాడు, నేను అన్నీ ఉంచుకుని ఆడతాను. ఇద్దరికీ ఆనందమే.

నా మట్టుకు తేలినదేమంటే, కారు ఎందుకు తిరిగిపోయిందో ఆడేవాడికి అర్థమయ్యే ఆటే మంచి ఆట. కారణం తెలిస్తే మళ్ళీ ప్రయత్నించాలనిపిస్తుంది. తెలియకపోతే విసుగే మిగులుతుంది.

ఈ విద్య ఉత్తిదేమీ కాదు. 2011లో జాన్ మార్డెన్‌బరో అనే బ్రిటిష్ యువకుడు ‘గ్రాన్ టురిస్మో’ ఆట ద్వారా జరిపిన పోటీలో గెలిచి అసలు పందేల డ్రైవరయ్యాడు. అయితే ఆయన్ని నేరుగా పందెంలోకి దింపలేదు, నిజం కారులో శిక్షణ ఇచ్చాకే దింపారు.

మిత్రులారా, మనం మరువకూడనిది ఇదే. పందెపు బాటలో ఎదురుగా ఆటో రాదు, గేదె అడ్డం రాదు, బడిపిల్ల రోడ్డు దాటదు. ఆటలో ప్రమాదమైతే మీట నొక్కి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. మన వీధిలో ఆ మీట లేదు. పద్దెనిమిదేళ్ళు నిండనివాడు కారు నడిపి నేరానికి పాల్పడితే, 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం సంరక్షకుడికో యజమానికో 3 సంవత్సరాల వరకు జైలు, రూ.25,000 జరిమానా పడవచ్చు. డబ్బు సంగతి అటుంచండి, పోయిన ప్రాణం తిరిగి రాదు.

కనుక మనవడితో కూర్చుని ఆట ఆడండి. ఓడిపోతే నవ్వండి. కారు తాళాలు మాత్రం బీరువాలోనే ఉంచండి.