పాట వెంట పేరు
(యూసుఫ్‌గూడలో జరిగిన స్మారక సభలో చేసిన ప్రసంగ పాఠం)



వెనక బ్యానర్ మీద మాస్టారి పేరు ఇంటిపేరుతో సహా ఉంది. ఈ వీధుల్లో ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్లు లేరు. క్యాసెట్లలో పాటలెక్కించి ఇచ్చే షాపు నడిపారు కాబట్టి అందరికీ ఆయన రికార్డింగ్ మాస్టారు. నేనూ అలాగే అంటాను. శ్రోతలు ఒకరికొకరు పాటలు పంచుకున్న చరిత్ర చెప్పమని నిర్వాహకులు అడిగారు. గ్రామఫోను, రేడియో, క్యాసెట్, సీడీ, ఫోను అని యంత్రాల వరసలో చెప్పుకుపోవడం తేలిక. నాకు ఇంకో ప్రశ్న ముఖ్యమనిపిస్తుంది. పాట చేతులు మారినప్పుడు అది ఎవరిదో చెప్పే పేరు వెంట వెళ్లిందా, దారిలో జారిపోయిందా? జారిపోయినప్పుడు వెతికి తెచ్చినవాళ్లెవరు?

మొదట్లో ఈ చిక్కు లేదు. పాడినవాళ్లే పేరు చెప్పేవారు. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గొంతు రికార్డు చేశాడు. పాట ముగియగానే ఆమె ఇంగ్లీషులో తన పేరు చెబుతుంది. అది గొప్ప కోసం కాదు. ఆ రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి. అక్కడి పనివాళ్లకు మన భాషలు రావు, ఏ పళ్లెం మీద ఎవరి పేరు అతికించాలో తెలియాలంటే పళ్లెమే చెప్పాలి.

నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డులో ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర పట్టేది. మన పద్యనాటకాల వాళ్లకు అది ఇరుకు. స్టేజీ మీద ఒక్క పద్యానికే రాగం తీసి, వన్స్ మోర్ పడితే మళ్లీ తీసి, రాత్రంతా నడిపే నటుడు మైకు ముందు గడియారం చూసుకుంటూ పాడాల్సి వచ్చింది. వినేవాళ్లకు మాత్రం మేలే జరిగింది. ముల్లు ఎత్తి మళ్లీ పెడితే అదే వన్స్ మోర్. గ్రామఫోను పెట్టె ఊళ్లో ఒకటో రెండో ఇళ్లలో ఉండేది, పాట మాత్రం అరుగు మీదికి వచ్చిన వాళ్లందరిదీ. కీ ఇచ్చేవాడొకడు, ముల్లు మార్చేవాడొకడు, లేబుల్ మీది పేరు పైకి చదివేవాడు ఇంకొకడు. ఈ మూడోవాడి మీద ఎవరూ ఏమీ రాయలేదు గానీ, నా లెక్కలో ఈ చరిత్రకు మూలపురుషుడు వాడే.

1940లలో సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి కలిసి పాడిన లలితగీతాలు ఇలాగే ఊళ్లు తిరిగాయి. వాటికి సినిమా లేదు, తెర మీద బొమ్మ లేదు. కొన్నవాడు గాయకుల పేరు చూసే కొన్నాడు. తెలుగులో పేరుకూ పాటకూ మధ్య ఇంకెవరూ అడ్డం లేని కాలం అది. ఎక్కువ రోజులు నిలవలేదు.

అప్పటికే, 1932లోనే, ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు టాకీ మొదలై ఉంది. కొన్నాళ్లపాటు నటించినవాళ్లే పాడారు. నేపథ్యగానం వచ్చాక గొంతు ఒకరిది, ముఖం ఇంకొకరిది అయింది. పేరు జారిపోవడం అక్కడే మొదలు. దీనికి పెద్ద ఉదాహరణ హిందీలో ఉంది. 1949లో వచ్చిన ‘మహల్’ సినిమాలో లతా మంగేష్కర్ పాడిన పాట రికార్డు మీద గాయని పేరు ‘కామిని’ అని వేశారు. కామిని ఆ సినిమాలో మధుబాల వేసిన పాత్ర. పాట రేడియోలో రాగానే ఈ పాడిందెవరని శ్రోతలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. రేడియోవాళ్లు రికార్డు కంపెనీని అడిగి పేరు తెలుసుకుని గాలిలో ప్రకటించారు. లత పేరు దేశానికి తెలియడంలో ఆ పోస్టుకార్డులకూ వాటా ఉంది. కంపెనీ మింగిన పేరును శ్రోత కక్కించాడు.

రేడియో దగ్గర కాస్త నిలబడదాం. 1952లో సమాచార శాఖ మంత్రి కేస్కర్ సినిమా పాటలు చవకబారువని ఆకాశవాణిలో బాగా తగ్గించేశారు. జనం ముల్లు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. తెలుగు వినేవాళ్లకు అక్కడ మీనాక్షీ పొన్నుదురై గొంతు దొరికింది. దారి తప్పిన శ్రోతల్ని వెనక్కి రప్పించుకోవడానికే 1957లో వివిధభారతి పుట్టింది. తర్వాత మన ‘జనరంజని’ వచ్చింది. దాని పద్ధతి గుర్తు తెచ్చుకోండి. సినిమా పేరు, రచయిత పేరు, సంగీత దర్శకుడి పేరు, పాడినవాళ్ల పేర్లు, ఆ తర్వాత పాట కోరినవాళ్ల పేర్లు, వాళ్ల ఊళ్లు. ఒక్కో పాటకు ముందు ఒక కుటుంబం కుటుంబమే, ఒక హాస్టల్ గది గదే వినిపించేది. కోరినవాళ్ల జాబితా చాంతాడంత ఉందని విసుక్కున్న వాళ్లున్నారు. నేను మాత్రం, పాట రాసిన ఆత్రేయ పేరూ పాట అడిగిన మనిషి పేరూ ఒకే గౌరవంతో ఒకే గొంతులో చదివిన ఆ పద్ధతికి సాటి ఇంతవరకూ రాలేదంటాను. బడికి వెళ్లని ఆడవాళ్లు వంటింట్లో ఉండే ‘ఇది సముద్రాల’, ‘ఇది పెండ్యాల’ అని పోల్చుకున్నారంటే ఆ చదువు రేడియో పెట్టిందే.

రేడియో సంగతి అలా ఉంటే, టూరింగ్ టాకీసుల దగ్గర పాటల పుస్తకం అమ్మేవాళ్లు. పల్చటి కాగితం, కథ సగం దాకా చెప్పి, మిగతా వెండితెర మీద చూడమని ఆపేసేవాళ్లు. ఆట మొదలయ్యే ముందు ఘంటసాల ‘నమో వేంకటేశా’ వేసేవాళ్లు. అది సినిమా పాట కాదు, ప్రైవేటు రికార్డు. అయినా ఊరి బయట ఆ పాట వినబడగానే టికెట్టు కోసం పరుగెత్తని వాళ్లు లేరు. ఎల్పీల కాలంలో విచిత్రమైన సంగతి ఇంకొకటి జరిగింది. 1975లో వచ్చిన ‘ముత్యాల ముగ్గు’ సంభాషణలు రికార్డుగా వచ్చి, ముళ్లపూడి మాటలు రావు గోపాలరావు గొంతులో హోటళ్లలో పాటల్లా మోగాయి. సరుకు పాటే కానక్కర్లేదని మన శ్రోత అప్పుడే తేల్చేశాడు. ఇక ఘంటసాల చివరి రోజుల్లో రికార్డు చేసిన భగవద్గీత. తెలుగువాళ్లందరికీ తెలిసిన ఆల్బమ్ ఏదంటే నేను దాని పేరే చెబుతాను. ఇంట్లో పొద్దున్నే పెట్టడానికి మాత్రం జంకుతారు. వీధిలో వినబడితే ఎవరింట్లో పోయారో అని తలుపు తీసి చూస్తారు. ఒక ఆల్బమ్‌ను జనం ఇంతగా పంచుకుని, దానిది కాని ఒక పనికి ఇంతగా అప్పగించేయడం ఇంకెక్కడైనా జరిగిందేమో గాని నేను వినలేదు.

మాస్టారి కాలానికి వద్దాం. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన క్యాసెట్ మన వీధుల్లోకి బాగా దిగింది 1980లలో. దుబాయ్, మస్కట్, కువైట్ వెళ్లిన కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ వాళ్లు టూ-ఇన్-వన్‌లు తెచ్చారు. దుకాణాల్లో ఖాళీ క్యాసెట్లు వచ్చాయి. కాగితం మీద పాటల జాబితా రాసుకెళ్లి ఇస్తే రెండు రోజుల్లో క్యాసెట్ చేతిలో ఉండేది. చట్టం దృష్టిలో అది తప్పు. 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి శిక్షలు కఠినం చేశారు. అయినా పని ఆగలేదు. ఈ సభలో ఆ మాట దాచి మాస్టారిని పొగడటం నాకిష్టం లేదు. అదే సమయంలో ఇంకోమాటా చెప్పాలి: సినిమా వరసలో కాకుండా తన ఇష్టం వరసలో పాటలు పేర్చుకునే అవకాశం తెలుగు శ్రోతకు మొదటిసారి దొరికింది ఆ కాగితం ముక్క మీదే.

అరవై నిమిషాల క్యాసెట్టంటే వైపుకు ముప్పై. పాతకాలం పాటలైతే తొమ్మిది పడతాయి, తొంభైల పాటలైతే ఆరు. చివర్లో రెండో మూడో నిమిషాల టేపు మిగులుతుంది. చాలా షాపుల్లో దాన్ని అలాగే వదిలేసేవారు, లేదా పాట సగంలో తెగేది. మాస్టారు ఆ ఖాళీలో మీరు అడగని పాట ఒకటి పెట్టేవారు. ఘంటసాల జాబితా ఇచ్చినవాడికి చివర పి.బి. శ్రీనివాస్. ఇళయరాజా పాటలడిగినవాడికి 1986లో వచ్చిన ‘హౌ టు నేమ్ ఇట్’ నుంచి వయొలిన్ ముక్క. త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితమిచ్చిన ఆ ఆల్బమ్‌కు హీరో లేడు, పోస్టర్ లేదు, ఒకరు చెబితే తప్ప ఇంకొకరికి తెలిసే దారి లేదు. ఈ పేటలో చాలామందికి అది ఆ చివరి రెండు నిమిషాల్లోనే తెలిసింది. కంపెనీలూ తెలియకుండానే ఇదే పని చేశాయి. రెండు సినిమాలు కలిపి ఒక క్యాసెట్, అటు హిట్టు, ఇటు ఫ్లాపు. వారానికే లేచిపోయిన సినిమాల పాటలు ఎన్నో అలా రెండోవైపు దాక్కుని బతికాయి.

లోపలి అట్ట మీద మాస్టారు రాసే పద్ధతి చూడండి. కొన్ని కార్డులు ఆ బల్ల మీద పెట్టారు. పాట పల్లవి, సినిమా, సంవత్సరం, రచన, సంగీతం, గానం, అన్నీ నీలం ఇంకులో. అక్కడక్కడా ఎర్ర ఇంకుతో ఇంకో వరస ఉంటుంది: ‘రెండో బీజీఎం ఫ్లూటు’, ‘కోరస్‌లో మనమ్మాయి’, ‘ట్రాక్ పాడినది’ అని, పక్కన పేరు. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివచ్చాక, సారథీ స్టూడియో చుట్టుపక్కలా కృష్ణానగర్ గదుల్లోనూ వాద్యకారులూ, బృందగాయకులూ, పెద్దవాళ్లు వచ్చి పాడేలోగా దారి చూపించే ట్రాక్ సింగర్లూ చేరారు. వాళ్లే మాస్టారి ఖాతాదార్లు. షాపు ముందు టీ తాగుతూ, స్పీకర్లో పాట వస్తుంటే, ‘మాస్టారూ, ఆ బిట్టు నాది’ అనేవాళ్లు. ఆయన నమ్మేవారా అంటే, వెంటనే నమ్మేవారు కాదు. ఇంకో ఇద్దర్ని అడిగేవారు. సరిపోయాకే ఎర్ర ఇంకు. ఏ కంపెనీ అట్టా మోయని పేర్లు అవి.

ఆ తర్వాత వచ్చింది ఎంపీ3 సీడీ. 700 ఎంబీ డిస్కులో నూట యాభై పాటల దాకా పట్టేవి, కోఠిలో తోపుడుబండి మీద దొరికేవి. దాన్ని కంప్యూటర్లో పెడితే ‘ట్రాక్ 01’, ‘ట్రాక్ 02’. అప్పటిదాకా పంచుకోవడం ఇంత చవకైన కాలం లేదు, పేర్లు ఇంతగా రాలిపోయిన కాలమూ లేదు.

శిల్పకళా వేదికలో ఆడియో ఫంక్షన్లు వైభవంగా సాగిన రోజుల్లో ముఖ్య అతిథి రిబ్బను విప్పి సీడీ పైకెత్తి చూపించేవాడు. కొనేవాళ్లు తగ్గాక పైకెత్తడానికి సీడీయే లేకుండా పోయింది, ఆ వేడుకే ప్రీ-రిలీజ్ ఈవెంట్ అయింది. మన పక్కనున్న పోలీసు మైదానానికి ఆ వైభవం అలా వచ్చింది. 2020 జనవరి 6న ఇక్కడ ‘అల వైకుంఠపురములో’ సంగీత కచేరీ జరిగింది. ఆ సినిమాలో మొదటి పాట అంతకుముందు సెప్టెంబరులోనే విడిగా విడుదలైంది. ఒక్కొక్క పాటే వదులుతూ రావడంతో మైదానానికి వచ్చిన కుర్రాళ్లకు పాటలన్నీ నోటికొచ్చు. వాళ్లు వినడానికి రాలేదు, కలిసి పాడటానికి వచ్చారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే పెద్దలతో నాకు పేచీ ఉంది. అరుగు మీద కూర్చున్నవాళ్లు చేసిందీ అదే.

నా అసంతృప్తి ఫోనుతో. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక ప్రతి జేబులోనూ లక్షల పాటలున్నాయి. మీరు విన్నదాన్ని బట్టి మీకేం నచ్చుతుందో ఫోనే చెబుతుంది, చాలాసార్లు బాగానే చెబుతుంది. ఎవరూ ఎత్తని పాటల్ని పైకి తెస్తుంది కూడా. కానీ పాత తెలుగు పాట తెరిచి చూడండి. చాలాచోట్ల రచయిత పేరుండదు. ఉన్నా మూడు సార్లు నొక్కితే గాని కనబడదు. 2012లో కాపీరైటు చట్టాన్ని మళ్లీ సవరించి, సినిమాహాల్లో సినిమాతో పాటు తప్ప పాట ఇంకెక్కడ వినబడినా రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ రాయల్టీలో వాటా ఉండాలన్నారు. ఎక్కడ వినబడిందో లెక్కగట్టేదే పేరును బట్టి. ఆ పేరే తప్పుగా ఎక్కితే చెక్కు వేరే ఇంటికి పోతుంది. ఇందాక గౌరవం గురించి మాట్లాడాను గానీ, ఇది నెల బాడుగ సంగతి కూడా.

మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారు 78 వేగం రికార్డులు వేల సంఖ్యలో పోగేసి, ఏ పాట ఎవరిదో తేల్చి చెప్పడమే వ్రతంగా పెట్టుకున్నారు. ఆయన చూసుకున్నది లేబుల్ మీద ఉన్నవాళ్లనీ, ఉండాల్సినవాళ్లనీ. లేబుల్ దాకా రానివాళ్ల సంగతి మాస్టారి ఎర్ర ఇంకులో ఉంది. షాపు మూసేశాక మిగిలిన కార్డులు రెండు ట్రంకుపెట్టెలు. వాటిని ఫొటోలు తీసి, పాటవారీగా పేర్లు కట్టే పని కుటుంబసభ్యులు మొదలుపెట్టారు. మాస్టారు చేసిచ్చిన క్యాసెట్ మీ ఇంట్లో ఉంటే, టేపు పాడైపోయినా సరే, అట్ట పారేయకండి. ఈ సభ కాగానే బల్ల దగ్గర ఇస్తే ఫొటో తీసి అక్కడికక్కడే మీకు తిరిగి ఇచ్చేస్తారు. పాత పాటల్లో వాయించినవాళ్లూ పాడినవాళ్లూ ఈ హాల్లోనే కొందరున్నారు. భోజనాల దగ్గర వాళ్ల పక్కన కూర్చుని ఏ పాటలో ఏ బిట్టో అడగండి. ఇంకో ఇద్దర్ని అడిగి సరిచూసుకున్నాకే రాయండి. ఎర్ర పెన్నులు బల్ల మీదే ఉన్నాయి.