"నా కుటుంబం" నుంచి "మనం" వరకు: స్టైన్‌బెక్ నవలలో వలస రైతులు



ఆర్థిక మాంద్యం అనే మాట మీరు పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు. 1929 అక్టోబరులో న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. బ్యాంకులు మూతపడ్డాయి. 1933 నాటికి అమెరికాలో పనిచేయగల ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి పని లేదు. చరిత్ర పుస్తకం ఇంతవరకు చెబుతుంది. ఆ నలుగురిలో పని లేని ఆ ఒక్కరి ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలిగిందా, వెలగకపోతే పొరుగువారు ఏం చేశారు అన్నది మాత్రం సాహిత్యమే చెప్పాలి. ఈ రోజు మనం జాన్ స్టైన్‌బెక్ 1939లో ప్రచురించిన 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' నవలను తీసుకుని ఒక్క ప్రశ్నను పరిశీలిద్దాం. కష్టం మనుషులను ఎప్పుడు విడదీస్తుంది? ఎప్పుడు కలుపుతుంది?

ముందు నేపథ్యం చూద్దాం. 1930 దశకంలో ఓక్లహోమా, కాన్సాస్, టెక్సాస్, కొలరాడో, న్యూమెక్సికో రాష్ట్రాలలోని మైదానాలను దుమ్ము తుపానులు ముంచెత్తాయి. గోధుమ కోసం పచ్చికబయళ్లను దున్నేశారు. తరువాత వర్షాలు లేవు. పట్టి ఉంచే గడ్డి లేక పైమట్టి గాలిలో లేచిపోయింది. 1935 ఏప్రిల్ 14న వచ్చిన తుపానుకు పట్టపగలే చీకటి కమ్మింది. అందుకే ఆ రోజుకు 'బ్లాక్ సండే' అని పేరు వచ్చింది.

అయితే ఒక విషయం గమనించండి. నవలలోని జోడ్ కుటుంబానిది తూర్పు ఓక్లహోమాలోని సాలిసా ప్రాంతం. దుమ్ము తుపానుల అసలు కేంద్రం అక్కడికి చాలా దూరంలో, పడమటి వైపున ఉంది. జోడ్‌లను ఊరు వదిలించింది గాలి ఒక్కటే కాదు. పత్తి ధర పడిపోయింది. అప్పు పెరిగింది. కౌలుదారులను తొలగించి ట్రాక్టరుతో సాగు చేయించడం భూస్వాములకు, బ్యాంకులకు లాభసాటి అయింది. నవలలో ఆ ట్రాక్టరు నడిపేవాడు పరాయివాడు కాదు, అదే ఊరి రైతు కొడుకు. రోజుకు మూడు డాలర్ల కూలి కోసం, తన పిల్లల తిండి కోసం, ఇరుగుపొరుగు ఇళ్లను పడగొడుతున్నాడు. అతన్ని దుర్మార్గుడు అనడం సులువు. స్టైన్‌బెక్ అలా అనడు. ఎవరి కుటుంబం గురించి వారే ఆలోచించుకుంటే ఊరు ఏమవుతుందో చూపించి ఊరుకుంటాడు.

ఇక ప్రయాణం. పాత హడ్సన్ కారును లారీగా మార్చుకుని, ముసలివారు, పిల్లలు, గర్భిణి అయిన కూతురు, మాజీ మతబోధకుడు కేసీతో సహా మొత్తం పదమూడు మంది 66వ నంబరు రహదారి మీద కాలిఫోర్నియాకు బయలుదేరతారు. పండ్లు కోయడానికి కూలీలు కావాలని అచ్చయిన కరపత్రాలు వారి ఆశకు ఆధారం. దారిలో, అంతకు ముందే కాలిఫోర్నియా వెళ్లి సర్వం పోగొట్టుకుని తిరిగి వస్తున్న ఒక మనిషి ఆ కరపత్రం వెనుక ఉన్న లెక్క విప్పి చెబుతాడు. యజమానికి కావలసింది ఎనిమిది వందల మంది. అచ్చు వేయించేది ఐదు వేల కరపత్రాలు. వాటిని చూసేది బహుశా ఇరవై వేల మంది. వచ్చినవారు ఎంత ఎక్కువైతే, ఎంత ఆకలితో ఉంటే, కూలి అంత తగ్గుతుంది. ఆకలిగొన్నవాడిని మరో ఆకలిగొన్నవాడితో పోటీకి దింపడమే ఆ లెక్క. నవలకు ఇదే కీలకం.

దీనికి ఎదురుగా రచయిత మరో లెక్క చూపిస్తాడు. మొదటి రాత్రి మజిలీలో తాత చనిపోతాడు. అప్పుడే పరిచయమైన విల్సన్ దంపతుల గుడారంలోనే ఆయన ప్రాణం పోతుంది. ఆయనను చుట్టడానికి వారి దుప్పటి ఇస్తారు. సమాధిలో పెట్టవలసిన చీటీ రాయడానికి వారి బైబిల్ లోని కాగితం ఇస్తారు. జోడ్ కుర్రవాళ్లు విల్సన్‌ల కారు బాగుచేస్తారు. రెండు కుటుంబాలూ కలిసి ముందుకు సాగుతాయి. ఇది జాలి కాదు, ఇచ్చిపుచ్చుకోవడం. మరో అధ్యాయంలో రోడ్డు పక్కన రాత్రికి రాత్రే వెలిసే గుడారాల ఊళ్లను వర్ణిస్తాడు. సాయంత్రం ఇరవై కుటుంబాలు ఆగుతాయి, చీకటి పడేసరికి ఒకే కుటుంబమవుతాయి. ఎవరికి ఏ హక్కు ఉందో, ఏ పని తప్పో, వారే నియమాలు ఏర్పరచుకుంటారు. తెల్లవారగానే ఆ ఊరు మాయమవుతుంది.

కలిసి బతకడం తేలికని మాత్రం స్టైన్‌బెక్ ఎక్కడా అనడు. కాలిఫోర్నియాలో వారు దిగిన మొదటి మురికి శిబిరం హూవర్‌విల్. అధ్యక్షుడు హూవర్ మీద కోపంతో, ఎగతాళిగా ఇలాంటి మురికివాడలను ప్రజలు ఆ పేరుతో పిలిచేవారు. అక్కడ తల్లి కూర వండుతుంటే, ఎవరి పిల్లలో గుంపుగా వచ్చి మాట్లాడకుండా నిలబడతారు. ఉన్నది తన ఇంటివారికే చాలదు. కొంచెం మిగిల్చి గిన్నె బయట పెడుతుంది. పిల్లలు దాన్ని గీకి తింటారు. అంతటితో అయిపోలేదు. ఒక తల్లి వచ్చి, మీరు కూర పెట్టారని మా వాడు గొప్పలు చెబుతున్నాడు, మాకు వండుకునేందుకు ఏమీ లేదు అని నిష్ఠూరమాడుతుంది. ఈ ఘట్టం శ్రద్ధగా చదవండి. ఒక్క మనిషి మంచితనం ఎంత అవసరమో, అది ఎంత చాలదో రెండూ ఇక్కడే తెలుస్తాయి.

అందుకే తరువాత వచ్చే వీడ్‌ప్యాచ్ ప్రభుత్వ శిబిరం ముఖ్యం. అక్కడ స్నానాల గదులు, వేడి నీళ్లు ఉన్నాయి. వారానికి డాలరు అద్దె, లేదా దానికి బదులు శిబిరం పని. నివాసులే కమిటీలను ఎన్నుకుంటారు. వారెంటు లేనిదే పోలీసులు లోపలికి రాకూడదు. శిబిరానికి చెడ్డపేరు తేవాలని నాట్యం రాత్రి కొందరు గొడవ చేయబోతే, నివాసులు ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా వారిని బయటికి పంపేస్తారు. ఇది ఊహ కాదు. 1936లో 'శాన్‌ఫ్రాన్సిస్కో న్యూస్' పత్రిక కోసం వలస కూలీల మీద వరుస వ్యాసాలు రాస్తూ స్టైన్‌బెక్ ఈ శిబిరాన్ని స్వయంగా చూశాడు. నవలను అంకితం చేసిన ఇద్దరిలో ఒకరు దాని నిర్వాహకుడు టామ్ కాలిన్స్.

శిబిరంలో గౌరవం ఉంది, చుట్టుపక్కల పని లేదు. జోడ్‌లు కదలక తప్పలేదు. ఒక పీచ్ పండ్ల తోటలో పెట్టెకు ఐదు సెంట్లు ఇస్తామంటే చేరతారు. గేటు బయట సమ్మె జరుగుతోందని, రెండున్నర సెంట్లకు పని చేయమన్నవారి స్థానంలో తమను తెచ్చారని వారికి తెలియదు. సమ్మె నడిపిస్తున్న కేసీని చంపేస్తారు. సమ్మె విరగగానే కూలి రెండున్నరకు పడిపోతుంది. కరపత్రం లెక్క మళ్లీ గెలిచింది. ఇక్కడ చరిత్ర విద్యార్థులు ఒకటి గుర్తుంచుకోవాలి. కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కును కాపాడుతూ 1935లో వచ్చిన జాతీయ కార్మిక సంబంధాల చట్టం వ్యవసాయ కూలీలను మినహాయించింది. కాలిఫోర్నియాలో వారికి అలాంటి చట్టం 1975లో గాని రాలేదు.

చివరికి పదమూడు మందిలో సగం కూడా మిగలరు. కొందరు చనిపోతారు, కొందరు వెళ్లిపోతారు, టామ్ అజ్ఞాతంలోకి పోతాడు. కుటుంబాన్ని చెదరనివ్వకూడదని మొదటి నుంచి పోరాడిన తల్లి, చివరికి ఒకప్పుడు ముందు మా ఇల్లు అనుకునేవాళ్లం, ఇప్పుడు ఎవరైనా మనవాళ్లే అనే అర్థం వచ్చేలా మాట్లాడుతుంది. ఆఖరి దృశ్యంలో, పురిట్లోనే బిడ్డను పోగొట్టుకున్న కూతురు, ఆకలితో చావుకు దగ్గరైన అపరిచితుడికి తన చనుబాలు ఇచ్చి బతికించే ప్రయత్నం చేస్తుంది. ఇవ్వడానికి ఏమీ మిగలనివారు కూడా ఇవ్వగలరని చెప్పి నవల ముగుస్తుంది. వరద తగ్గిందా, పని దొరికిందా అన్నది చెప్పదు.

ఈ నవలకు 1940లో పులిట్జర్ బహుమతి వచ్చింది. 1962లో స్టైన్‌బెక్ నోబెల్ అందుకున్నాడు. వీడ్‌ప్యాచ్ ఉన్న కెర్న్ కౌంటీ మాత్రం 1939 ఆగస్టులో ఈ పుస్తకాన్ని తన గ్రంథాలయాల నుంచి, పాఠశాలల నుంచి తొలగించింది. నవలకు లోపాలూ ఉన్నాయి. అంతకు ముందు నుంచీ అవే తోటలలో చెమటోడ్చిన మెక్సికన్, ఫిలిప్పీన్ కూలీలు ఇందులో దాదాపు కనిపించరు. ఆ శిబిరాలలోనే పనిచేసిన సనోరా బాబ్ అదే కాలంలో రాసిన నవల, స్టైన్‌బెక్ పుస్తకం ముందు రావడంతో ఆగిపోయి, 2004లో గాని వెలుగు చూడలేదు.

జాన్ ఫోర్డ్ 1940లో తీసిన సినిమా దొరికితే చూడండి. అందులో పీచ్ తోట ముందు, ప్రభుత్వ శిబిరం తరువాత వస్తాయి. నవలలో ఈ వరుస తారుమారుగా ఉంటుంది. ఈ ఒక్క మార్పుతో కథ చెప్పే మాట ఎలా మారిందో మీ మిత్రులతో చర్చించండి. ఆశ ముందు వచ్చి పోతే ఒక అర్థం, చివర వచ్చి నిలిస్తే మరో అర్థం. ఆ తేడా పట్టుకోగలిగితే నవలను మీరు నిజంగా చదివినట్లే.