పచారీ కొట్టు నిలువవలెనన్న
(బెంగళూరు సంఘ సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



మనవారు ఈ నగరమునకు వచ్చి తరములు గడచినవి. చిక్కపేట, మామూలుపేట, అవెన్యూ రోడ్డు వంటి వర్తక వీధులయందును, పిమ్మట వెలసిన పేటలయందును మన కుటుంబములు అనేకము పచారీ కొట్లవల్లనే జీవించినవి. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, కొట్టులో రెండును పలికి ఇరుగుపొరుగుల నమ్మకము సంపాదించుకొన్నవి. ఆ కొట్లు నేడు కష్టదశలో ఉన్నవి. మనము చేయవలసినదేమో ఆలోచించుటకే ఈ నాలుగు మాటలు.

ముందుగా కొట్టు నడచు తీరు తెలిసికొందము. గోడమీద "నేడు రొక్కము, రేపు అరువు" అను పలక వ్రేలాడుచుండును. ఆ పలక క్రిందనే అరువు పద్దు పుస్తకమును ఉండును! టోకు వర్తకులు కొద్దిదినముల గడువుపై సరకు ఇత్తురు. కొట్టువారు మనకు జీతపు దినము వరకు గడువిత్తురు. ఈ రెండు గడువుల నడిమి ఎడమును వారు స్వంత సొమ్ముతో పూడ్చవలెను. ఆ సొమ్మునకు మనము వడ్డీ ఇచ్చుట లేదు. కష్టకాలము వచ్చినపుడు మన బాకీ నిలిచిపోవును. టోకు వర్తకులు రొక్కమే అడుగుదురు. కొట్టు చితుకునది అక్కడనే.

ఇట్టి దెబ్బలు వరుసగా తగిలినవి. 2016 నవంబరు 8న 500, 1000 రూపాయల నోట్లు రద్దయినపుడు, చెలామణిలోని సొమ్ములో విలువను బట్టి సుమారు 86 శాతము చెల్లకపోయినది. ఆ దినములలో పెక్కు ఇండ్ల పొయ్యి పద్దు పుస్తకము వలననే వెలిగినది. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చినది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనపుడు, పని లేని కూలివారికి బియ్యము అరువిచ్చినవి ఈ కొట్లే. ఊరు విడిచిపోయిన వారితో కొన్ని బాకీలును పోయినవి. 2025 జూలైలో, ఫోను ద్వారా వచ్చిన చెల్లింపుల లెక్క చూచి పన్నుల శాఖ చిరువర్తకులకు నోటీసులు పంపగా, కొందరు క్యూఆర్ పలకలు తీసివేసి "రొక్కము మాత్రమే" అని వ్రాసికొనిరి. పాలు, కూరగాయలు వంటి పన్నులేని సరకులపై పాత బాకీ వసూలు చేయబోమని ప్రభుత్వము ఆ నెలలోనే ప్రకటించినది.

ఇప్పుడు నిమిషములలో సరకు ఇంటికి చేర్చు కంపెనీలు వచ్చినవి. పెట్టుబడిదారుల సొమ్ముతో నష్టము నోర్చుకొని అవి ధర తగ్గింపగలవు. చిన్న కొట్టునకు ఆ దన్ను లేదు.

గృహస్థులకు మా విన్నపము: నెల సామానంతయు ఫోనులో తెప్పించుకొని, కరివేపాకునకు, అరువునకు మాత్రము కొట్టునకు పోవుట న్యాయము కాదు. నెల జాబితాలో సగమైనను కొట్టున కొందము. పద్దు తీర్చుటకు ఒక తేది నియమించుకొని ఆనాటికే తీర్చుదము.

కొట్టువారికి రెండు మాటలు. పది కొట్లవారు కలిసి పప్పు, నూనె, చక్కెర ఒక్కసారిగా కొనినచో ధర దిగును, బండి బాడుగ పంచుకొనవచ్చును. విడి బియ్యము, పాలు, కూరగాయల అమ్మకమును, పన్నుగల సరకుల అమ్మకమును వేరువేరుగా వ్రాయవలెను. పన్నుగల సరకులు కూడ అమ్మువారికి, మొత్తము అమ్మకము ఏట 40 లక్షల రూపాయలు దాటినచో, ఈ రాష్ట్రమున నమోదు తప్పదు. 1.5 కోట్ల లోపువారు కాంపోజిషన్ పద్ధతిని ఎంచుకొని 1 శాతము చెల్లింపవచ్చును. దానిని కొనువారినుండి వేరుగా వసూలు చేయరాదు. లెక్కలు తెలిసిన మన యువకులు ఆదివారములలో సంఘ కార్యాలయమున కూర్చుండి, వృద్ధులైన కొట్టువారికి ఈ పనిలో తోడ్పడవలెనని కోరుచున్నాము.

కడపటి మాట. మన పిల్లలకు బడిలో తెలుగు దొరకుట అరుదు. "తాతగారూ, పావు కిలో కందిపప్పు, పద్దులో వ్రాసికొనుడు" అని పిల్లవాడు ఇల్లు దాటి తెలుగు పలుకు చోటు ఆ కొట్టే. కొట్టు మూతపడినచో ఒక కుటుంబపు జీవనముతో బాటు ఆ చోటును పోవును. మన కష్టకాలమున మనకు గడువిచ్చినవారికి నేడు మనము ఆసరా కావలెను.